గుంటమీద వేలాడిన పాట

గురువారం పొద్దున హెబ్రోను పెట్టుకున్న పని ఒక్కటే. బీరువా మీదున్న బిస్కెట్ డబ్బా దించి, అందులోంచి ఒక సీడీ తీసి, బట్టతో తుడిచి, శనివారం దాకా భద్రంగా పెట్టడం. కాఫీ చల్లారేలోపు అయిపోవాల్సిన పని.

శనివారానికి అతని భార్య ఎలిశబెతు పోయి ఏడాది. ఇంటిముందు షామియానా వేసి జ్ఞాపకార్థ కూడిక పెడుతున్నారు. అల్లూరు చర్చివాళ్లందరూ వస్తారు. బుచ్చిరెడ్డిపాలెంలో నర్సుగా పనిచేస్తున్న కూతురు షారన్ ముందురోజే ఫోన్ చేసి, "నాయనా, అప్పుడెప్పుడో క్రిస్మస్‌కి అమ్మ ఒక్కతే పాడిన పాట సీడీలో ఉండాది కదా. కూడికలో అది వేద్దాం" అంది. "ఉండాది లేమ్మా" అన్నాడు హెబ్రోను.

డబ్బా తెరిస్తే నాలుగు చొక్కా బొత్తాలు, ఒక సూది, దారపుకండె కనిపించాయి. సీడీలు లేవు. అవి ఎక్కడున్నాయో అప్పుడు గుర్తుకొచ్చింది. మొన్న వేసవిలో, ఇంట్లో ఆమె వస్తువు ఏది కనిపించినా గుండె బరువెక్కిపోతోందని, ఆ డబ్బాలో ఉన్నవాటిని పనికిరాని పాత సీడీలనుకుని ఒక సంచిలో పోసి పెంచల్‌కి ఇచ్చేశాడు. పెంచల్ రొయ్యల గుంట కౌలుకు చేస్తాడు. గుంట మీద ఈ చివర నుంచి ఆ చివరకు తాడు కట్టి సీడీలు వేలాడదీస్తే, వాటి తళుకులకు బెదిరి నీటికాకులు వాలవు. ఆ చుట్టుపక్కల గుంటల మీద అది మామూలే.

ఫొటోలు బోలెడున్నాయి. గొంతే లేదు. ఎవరైనా ఫోన్ ఎత్తి వీడియో తీయబోతే కొంగు అడ్డం పెట్టుకుని వంటింట్లోకి పరిగెత్తే మనిషి ఎలిశబెతు. దానికి తోడు రెండు నెలలుగా హెబ్రోనుకు ఒక భయం పట్టుకుంది. ఆమె అన్న మాటలు గుర్తున్నాయి గానీ, ఆ మాటలు ఏ గొంతుతో అనేదో గుర్తు రావడం లేదు. కళ్లు మూసుకుని ఎంత ప్రయత్నించినా పక్కింటావిడ గొంతే వినిపిస్తోంది. ఈ సంగతి అతను ఎవరికీ చెప్పలేదు. చెబితే నిజమైపోతుందని భయం.

అల్పపీడనం పట్టి మూడు రోజులుగా ఆకాశం మసిగుడ్డలా ఉంది. ఆ తుంపరలోనే గుంట దగ్గరికి వెళ్లాడు.

"పెంచల్, నేనిచ్చిన సీడీలు యాడుండాయి?"

"అవిగో అన్నా, కాపలా కాస్తుండాయి" అని పెంచల్ తాడు చూపించాడు.

"అందులో నాయి యేవి?"

"పేర్లు పిలిస్తే పలుకుతాయా అన్నా? ఊళ్లో పదిమందియ్యి అన్నీ కలిపి కట్టేసినా. ఇరవై నాలుగుండాయి. ఏది ఎవురిదో ఆ నీటికాకుల్ని అడగాల్సిందే."

మార్కరుతో రాసిన రాతలు ఎండకూ ఉప్పుగాలికీ ఎప్పుడో ఎగిరిపోయాయి. ఒకదానికొకటి కొట్టుకుని, ఇసుక రాసుకుని, ప్రతి డిస్కు మీదా పిల్లి గీరినట్టు గీతలు. హెబ్రోను ఇరవై నాలుగింటినీ విప్పుకుని, "ఈ సంగతి ఎవురితోనూ అనబాక" అని చెప్పి ఇంటికి తెచ్చుకున్నాడు.

అక్కడితో ఆగి కూతురికి ఉన్నమాట చెప్పేసి ఉంటే ఈ కథ లేదు. కానీ హెబ్రోను ముప్పై ఏళ్లుగా రొయ్యల గుంటల మోటార్లు బాగుచేస్తున్న మనిషి. కాలిపోయిన మోటారును మళ్లీ తిప్పినవాడికి, గీతలు పడిన బిళ్ల ఒక లెక్కా? మోటారు ఏదైనా అతని మొదటి పని జీరో నంబరు గరుకు కాగితంతో తుప్పు గీకడం. ఆ అలవాటు కొద్దీ మూడు సీడీలను రెండువైపులా శ్రద్ధగా గీకాడు. పైన రాసే వైపు పొర చేప పొలుసులా లేచి కిందపడింది. వెలుతురుకు పట్టుకుంటే మూడింట్లోంచీ వీధి కనిపించింది. బొమ్మా పాటా ఉండేది ఆ పొరలోనేనని అప్పటికి అతనికి తెలియదు.

తరువాత ఫోన్‌లో వీడియో చూసి తెలుసుకున్నాడు. తెల్లటి టూత్‌పేస్టు రాయాలి. మెత్తటి నూలుబట్టతో మధ్య నుంచి అంచుకు నిలువుగా తుడవాలి, గుండ్రంగా తిప్పకూడదు. నీళ్లతో కడిగి, ఆరాక, గీతలు ఇంకా కనిపిస్తే కాస్త వాజలైన్ పామాలి. మెరిసే వైపే తుడవాలి, రెండోవైపు ముట్టుకోకూడదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. ఆ మూడింట్లో ఎలిశబెతు లేకుండా ఉండాలని దేవుడికి దండం పెట్టుకుని, అతను చెంచులక్ష్మి అంగడికి బయలుదేరాడు.

"తెల్ల పేస్టులు పెద్దవి రెండు, వాజలైన్ డబ్బా ఒకటి, కొత్త బనీన్లు రెండు ఇయ్యమ్మా."

చెంచులక్ష్మి అతన్ని కిందనుంచి పైదాకా చూసింది. ఏడాదిగా గడ్డం కూడా సరిగ్గా గీసుకోని మనిషి. "ఏందన్నా, ఊరికేమన్నా పోతుండావా?"

"లేదమ్మా."

"మరి ఇయ్యన్నీ?"

"అదొక పనుండాది లే. శనివారం లోపల అయిపోవాల" అని హెబ్రోను తలవంచుకున్నాడు. కూతురి చెవిన పడకూడదని అతని తాపత్రయం. ఆ తలవంపును చెంచులక్ష్మి సిగ్గు అనుకుంది.

తుడిచిన సీడీ ఆడుతుందో లేదో చూడాలంటే ప్లేయర్ కావాలి. ఊళ్లో పనిచేసే ప్లేయర్ ఒక్కటే మిగిలింది, ఎలిమెంటరీ స్కూలు టీచరు ఫ్లోరా ఇంట్లో. ఆదివారం బడి పిల్లలకు కథల సీడీలు వేయడానికి ఆమె దాన్ని ప్రాణంలా చూసుకుంటుంది. వయసు యాభై నాలుగు. పెళ్లి చేసుకోలేదు. ఆ ప్లేయర్ తలుపు ఆమె చేత్తో పక్కన రెండు దెబ్బలు వేస్తే తప్ప తెరుచుకోదు, కాబట్టి సీడీ వేసినంతసేపూ ఆమె పక్కనే కూర్చోవాలి.

ఉన్నవన్నీ ఒకేసారి తుడిచి, ఒకేసారి సంచిలో తీసుకెళ్లి చూసుకోవచ్చు. ఎవరైనా అలాగే చేస్తారు. కానీ ఒక మోటారు చుట్టి, నీళ్లు తోడించి చూశాకే రెండోదాన్ని ముట్టుకోవాలన్నది హెబ్రోను చేతి నియమం. అందువల్ల ఒక సీడీ తోముతాడు. ఒళ్లంతా పేస్టు మరకలవుతాయి కాబట్టి స్నానం చేస్తాడు. ఉతికిన చొక్కా వేసుకుంటాడు. ఆ ఒక్క సీడీని జేబురుమాలులో చుట్టుకుని ఫ్లోరా ఇంటికి వెళ్తాడు. అది ఎవరిదో ఓణీల ఫంక్షనో, కంప్యూటర్ పాఠమో అవుతుంది. మొహం వేలాడేసుకుని ఇంటికొచ్చి మళ్లీ తోముతాడు. గురువారం ఇలా ఎనిమిదిసార్లు తిరిగాడు. ఎనిమిదిసార్లూ చెంచులక్ష్మి అంగడి ముందునుంచే, పుదీనా వాసనతో.

"ఈ మాట మనిద్దరి మధ్యే ఉండాల టీచరమ్మా. షారన్‌కి తెలిస్తే తట్టుకోలేదు" అన్నాడు మొదటిసారే.

ఏం సీడీ కోసమో చెప్పకుండా ఆ మాట మాత్రం చెప్పాడు. ఫ్లోరా టీచరు కళ్లద్దాలు సర్దుకుని, "అట్టాగే" అంది. ఆరోసారి వచ్చేసరికి ఆమె టీ పెట్టింది. ఎనిమిదోసారి తలుపు తీసేముందు అద్దంలో చూసుకుంది. ఆమెను తప్పుపట్టలేం. ఒక మనిషి రోజుకు ఎనిమిదిసార్లు స్నానం చేసి వస్తుంటే సీడీ కోసమేనని ఎవరు నమ్ముతారు?

శుక్రవారం పొద్దుటికి ఊళ్లో అందరికీ తెలిసింది, హెబ్రోనుకు తప్ప. దారిలో పాస్టరు టైటస్ అయ్యగారు ఎదురై గొడుగు అతని తలమీదకు కూడా పట్టారు.

"హెబ్రోనూ, నీ మనసులో ఉండేది నాకు తెలిసింది. ఒంటరితనం పెద్ద బరువు. దాంట్లో తప్పేమీ లేదు."

అయ్యగారికి కూడా సీడీ సంగతి తెలిసిపోయిందని హెబ్రోను అనుకున్నాడు. గుండె కాస్త తేలికపడింది. "మీరు ప్రార్థన చెయ్యండయ్యా. నిన్నటినుంచి తిరగతానే ఉండా. ఇంకా కుదరలా."

"కుదురుతుందిలే. తొందరపడబాక."

"తొందర ఉండాదయ్యా. రేపు కూడికలో అందరి ముందరా పెట్టాల."

అయ్యగారి చేతిలో గొడుగు ఒక పక్కకు ఒరిగింది. "రేపా? ఎలిశబెతమ్మ కూడికలోనా?"

"ఆమె కోసమే గదయ్యా."

పాస్టరు గారు ఇరవై ఏళ్ల సేవలో ఇలాంటి మాట వినలేదు. అయినా దుఃఖంలో ఉన్న మనిషిని గద్దించకూడదని, ఇంటికి వెళ్లి, మర్నాటి కోసం రాసుకున్న పరలోకం ప్రసంగాన్ని పక్కనపెట్టి, తోడు గురించి కొత్తది రాయడం మొదలుపెట్టారు.

ఆ రోజు హెబ్రోను పన్నెండుసార్లు తిరిగాడు. పెళ్లిళ్లు వచ్చాయి, క్రికెట్ వచ్చింది, ఎవరిదో గృహప్రవేశంలో వడ్డన వచ్చింది. ఎలిశబెతు రాలేదు. సాయంత్రానికి ఒక్క సీడీ మిగిలింది. అన్నింటికంటే ఎక్కువ గీతలున్నది అదే కాబట్టి చివరికి ఉంచాడు. అది కూడా కాకపోతే తన చేత్తో గీకిపారేసిన మూడింట్లో ఆమె ఉన్నట్టే. ఆ ఆలోచన రాగానే పేస్టు చేత్తోనే మొహం కప్పుకుని కూర్చున్నాడు.

అప్పుడే షారన్ సంచితో దిగింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి. నాయన మొహం మీద తెల్లటి పూత, స్టూలు మీద వాజలైన్, దండెం మీద కొత్త బనీన్లు చూసి గుమ్మంలోనే నిలబడిపోయింది.

"నాయనా, నాకంతా తెలిసింది."

హెబ్రోను నీరుగారిపోయాడు. "ఎవురు చెప్పినారు?"

"చెంచులక్ష్మత్త. నా దగ్గర దాస్తావా నాయనా?"

"నీకు చెప్పాలంటే మొహం చెల్లలేదమ్మా. తప్పు చేసినా. నిన్న ఎనిమిదిసార్లు, ఈ పొద్దు పన్నెండుసార్లు ప్రయత్నం చేసినా. ఒక్కసారన్నా ఫలితం లేదు."

షారన్ కన్నీళ్లు తుడుచుకోవడం ఆపింది. "ఇరవైసార్లు అడిగినా ఆమె ఒప్పుకోలేదా?"

"పాపం టీచరమ్మనెందుకు అంటావు? ఆమె చెయ్యగలిగినంతా చేసింది. టీ కూడా ఇచ్చింది."

"సరే నాయనా." షారన్ సంచి గుమ్మంలో దించింది. "అమ్మ పోయి ఏడాదన్నా నిండలేదని బస్సులో ఏడ్చినా. కానీ నువ్వు ఈ ఇంట్లో ఒక్కడివే ఎట్టుంటావు? నేను అడ్డం రాను. చేసుకో."

"ఏం చేసుకునేది?"

షారన్ జవాబు చెప్పేలోగా ఫ్లోరా టీచరు గొడుగు ముడుచుకుంటూ లోపలికి వచ్చింది. తరగతిలో హాజరు పిలిచేటప్పుడు నిలబడినట్టు నిటారుగా నిలబడింది.

"షారన్ కూడా ఉండాది, మంచిదే. హెబ్రోను గారూ, నేను ప్రార్థన చేసుకున్నా. మీరు మంచివారు. కానీ కుదరదు. ఇన్నేళ్లు నా ఇష్టప్రకారం లేచి, నా ఇష్టప్రకారం తిన్నా. ఇప్పుడు ఇంకొకరి చొక్కాలు ఉతకలేను. ఏమనుకోబాకండి."

హెబ్రోను కూతురి వైపు చూశాడు, టీచరు వైపు చూశాడు, దండెం మీద బనీన్ల వైపు చూశాడు. అడగని ప్రశ్నకు కాదని జవాబు వచ్చిన మనిషి ఎలా ఉంటాడో అలా ఉన్నాడు. మెల్లగా లెక్కలన్నీ కలిశాక, ఇంక దాచడానికేమీ మిగల్లేదని, బల్ల కింద నుంచి సీడీల సంచి లాగి బోర్లించాడు. డబ్బా, వేసవి, పెంచల్, తాడు, నీటికాకులు, గరుకు కాగితం, అన్నీ వరసగా చెప్పేశాడు. చివరికి ఎవరికీ చెప్పని మాట కూడా చెప్పాడు. "ఆమె గొంతు నాకు గుర్తు రాలేదమ్మా. మర్చిపోయినా."

షారన్ ఆ మూడు సీడీలనూ ఎత్తి దీపానికి పట్టి, అవతలివైపు కనిపించేసరికి కింద పెట్టేసింది.

"అమ్మ పాటని కాకుల్ని తోలడానికి ఇచ్చినావా?" అంది. "దీనికంటే నువ్వు పెళ్లి చేసుకుని ఉన్నా బాగుండు నాయనా."

ఫ్లోరా టీచరు గొడుగు తెరిచి, ఇంట్లోనే తెరిచానని తెలుసుకుని మళ్లీ ముడిచింది. "ప్లేయర్ నేనే తీసుకొస్తా రేపు" అని చెప్పి గబగబా వెళ్లిపోయింది. షారన్ ఏడుస్తూనే నాయన చేతిలోంచి చివరి సీడీ లాక్కుని, పేస్టు రాసి, నర్సు గాయం తుడిచినట్టు మధ్య నుంచి అంచుకు తుడుస్తూ కూర్చుంది.

శనివారం పొద్దున్నే గాలికి ఎక్కడో తీగ తెగి కరెంటు పోయింది. సీడీని వేసి చూసుకునే వీలు లేకపోయింది. షామియానా నీళ్లు నిండి పొట్టలా వేలాడుతోంది. జనం వచ్చి, తడిసిన కుర్చీలు తుడుచుకుని కూర్చున్నారు. ఫ్లోరా టీచరు ప్లేయర్‌ను దుప్పటిలో చుట్టి ఒళ్లో పెట్టుకుని ఆటోలో దిగింది. "సామాను కూడా తెచ్చేసుకుంది" అని చెంచులక్ష్మి పక్కావిడ చెవిలో వేసింది. కరెంటు పదకొండింటికి వచ్చింది. పాస్టరు గారు లేచి, హెబ్రోను వైపు జాలిగా చూసి, జేబులోంచి కాగితం తీశారు.

"ఈ దినము మన సహోదరుడు ఒక సంగతి మనందరి ముందు పెట్టాలని..."

"పెడుతుండానయ్యా" అని హెబ్రోను లేచాడు. ఫ్లోరా టీచరు రెండు దెబ్బలు వేసి ప్లేయర్ తలుపు తెరిస్తే, అతను సీడీ పెట్టాడు.

ఇంట్లోంచి తెచ్చి పెట్టిన టీవీలో నీలం గళ్లు తప్ప బొమ్మ రాలేదు. గళ్ల మధ్య ఒక నక్షత్రం ముక్క, ఒక చీర అంచు మెరిసి మాయమయ్యాయి. "క్రిస్మసే నాయనా!" అని షారన్ అతని చెయ్యి పట్టుకుంది. తరువాత శబ్దం వచ్చింది. ఘడఘడఘడ. పాట కాదు. ఒక నిమిషం, రెండు నిమిషాలు, ఘడఘడ తప్ప ఇంకేమీ లేదు. సీడీ పోయిందనుకుని జనం తలలు దించుకున్నారు.

హెబ్రోను మాత్రం తల ఎత్తాడు. మోటార్ల మనిషి కదా, ఆ శబ్దం అతను ఎరుగును. అది సీడీ లోపం కాదు. ఆ ఏడు క్రిస్మస్ నాడు కరెంటు పోతే తానే తెచ్చి స్టేజీ పక్కన పెట్టిన డీజిల్ జనరేటరు అది. ఎలిశబెతు మూడు నెలలు నేర్చుకున్న పాటను ఆ రాత్రి ఎవరూ వినలేదు. బాగా పాడిందని అందరూ అన్నారు, ఇన్నేళ్లూ అంటూనే ఉన్నారు. ఆ గీతల కింద ఉన్నది కూడా పాట కాదు, అతని జనరేటరే.

ఘడఘడ ఆగింది. ఎవరో దగ్గారు. అప్పుడు, మైకుకు దగ్గరగా, ఊరందరికీ వినిపించేలా ఒక ఆడగొంతు పలికింది.

"ఏమయ్యా! మైకు పక్కన ఎవురన్నా జనరేటరు పెడతారా?"

అక్కడ గీత అడ్డం పడింది.

"పెడతారా? పెడతారా? పెడతారా?"

తియ్యటి గొంతు కాదు. కాస్త ముక్కుతో మాట్లాడే గొంతు, చివర పైకి లేచి కోసేసే గొంతు. ఇన్నాళ్లూ అతను తియ్యగా ఉంటుందేమోనని వెతికి, అందుకే పట్టుకోలేకపోయాడు. ఇదీ, ఇదే, అనుకున్నాడు. కళ్లలోంచి నీళ్లు ధారగా కారాయి, తుడుచుకోలేదు. వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ తరువాత షామియానా అంతా నవ్వింది, నవ్వుతూనే ఆడవాళ్లు కొంగులు మొహాలకు అడ్డం పెట్టుకున్నారు. పాస్టరు గారు తోడు మీద రాసిన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో దాచుకున్నారు.

"నేను కుదరదని ముందే చెప్పేసినా, మంచిదయింది" అంది ఫ్లోరా టీచరు షారన్‌తో మెల్లగా. "ఈమె ఒప్పుకునుండేది కాదు."

షారన్ కళ్లు తుడుచుకుని ఆపేద్దామని లేచింది. "ఉండనీమ్మా" అన్నాడు హెబ్రోను, కుర్చీ కాస్త ముందుకు జరుపుకుని. ముప్పై ఒక్క ఏళ్ల కాపురంలో భార్య తిడుతుంటే అతను లేచి బయటికి పోకుండా కూర్చుని వినడం అదే మొదటిసారి.